అలెక్స్ మెకినన్ ట్యాకిల్: ఏడు మ్యాచ్‌ల శిక్ష ఎక్కువా, తక్కువా?

పదిమీటర్లు:
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి. ఇది ఆస్ట్రేలియాలో ఆడే రగ్బీ లీగ్, అంటే 13 మంది ఆడేది, 15 మంది ఆడే రగ్బీ యూనియన్ కాదు. 2014 మార్చి 24, మెల్‌బోర్న్ ఆమీ పార్క్, మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టు మీద న్యూకాజిల్ నైట్స్. హాఫ్‌టైమ్ దగ్గర పడుతుండగా నైట్స్ సెకండ్ రో కుర్రాడు అలెక్స్ మెకినన్ బంతితో దూసుకొస్తే స్టార్మ్ వాళ్లు ముగ్గురు పట్టారు (ఇలా పట్టి పడేయడమే ట్యాకిల్): జోర్డన్ మెక్లీన్, బ్రామ్విచ్ అన్నదమ్ములు జెస్సీ, కెన్నీ. ఎత్తేశారు, తల కిందికి పోయి పడ్డాడు. మెడలో సి4, సి5 పూసలు విరిగాయి. 22 ఏళ్లకే ఆట ముగిసి వీల్‌చెయిర్ పాలయ్యాడు. మెక్లీన్‌కి 7 మ్యాచ్‌ల నిషేధం పడింది.

నన్నడిగితే అది ఎక్కువే. మెకినన్ ఆఖరి క్షణంలో తల లోపలికి ముడిచాడు. ముడవకపోతే ఛాతీ మీద పడి లేచేవాడు. వీడియో నెమ్మదిగా తిప్పి చూసి అప్పుడు మాట్లాడండి.

విజిల్‌బుర్ర:
చూశాం. రూల్ కూడా చదివాం, మీరూ ఓసారి చదవండి. తలో మెడో ముందు నేలకి తగిలే 'అవకాశం ఉన్న' స్థితికి మనిషిని ఎత్తితే చాలు, అది ప్రమాదకరమైన త్రో. తగిన జాగ్రత్త పడినా తప్పించలేని పరిస్థితి అయితేనే మినహాయింపు. పడేవాడు తల ఎలా పెట్టాడన్నది అందులో ఎక్కడుంది? ఆ స్థితికి తెచ్చినవాడిదే బాధ్యత.

పదిమీటర్లు:
'తప్పించలేని' అని మీరే రాశారుగా. వాడు తల ముడుస్తాడని మెక్లీన్ కలగంటాడా?

మెడపూస:
ఈ తల ముడవడం గురించి ఒక్క మాట. మెడ మామూలుగా వెనక్కి కొంచెం వంపు తిరిగి ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ వంపు, చుట్టూ ఉన్న కండరాలు కొంత బలాన్ని మింగేస్తాయి. గడ్డం సుమారు 30 డిగ్రీలు కిందికి వంచితే ఆ వంపు పోయి పూసలన్నీ నిట్టనిలువుగా ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడు నడినెత్తి నేలకి తగిలితే, వెనక నుంచి వచ్చే ఒంటి బరువంతా ఆ వరస మీదే పడుతుంది. మధ్యలో ఎక్కడో ఒక పూస చితుకుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నెత్తితో గుద్దడాన్ని 1976లో స్కూళ్లు, కాలేజీల స్థాయిలో నిషేధించింది ఇందుకే. తర్వాత పక్షవాతం కేసులు బాగా తగ్గాయి.

కాబట్టి తల ముడిచాడన్నది నిజమే, దానివల్ల గాయం ముదిరిందన్నదీ నిజమే. కానీ అది నిర్ణయం కాదు, రిఫ్లెక్స్. చేతులు రెండూ బంతి దగ్గర బిగుసుకుపోయి, నేల మొహం మీదికి వస్తుంటే ఎవరైనా పల్టీ కొట్టి తప్పించుకోవాలనే చూస్తారు.

పదిమీటర్లు:
థాంక్స్. 'దానివల్ల గాయం ముదిరింది' అని డాక్టరుగారే ఒప్పుకున్నారు.

మెడపూస:
నేను డాక్టర్ని అనలేదు. తర్వాతి వాక్యం కూడా చదవండి.

రాయుడుగారిరైడ్:
యూనియన్‌లో అయితే రెడ్ కార్డ్ ఇచ్చి బయటికి పంపేవాళ్లు. ఇక్కడ పెనాల్టీతో సరిపెట్టారు.

విజిల్‌బుర్ర:
ఆ పెనాల్టీ మీద కూడా గొడవే. స్టార్మ్ కెప్టెన్ కామెరాన్ స్మిత్ రిఫరీతో ఇదే పాట పాడాడు, తల ముడవబట్టే ఇలా అయిందని. అవతల కుర్రాడు నేల మీద కదలకుండా పడి ఉన్నాడు. 2015 జూలైలో చానెల్ నైన్ ఆ ఆడియో వినిపించాక దేశమంతా రెండుగా చీలింది. ఇక్కడ ఆ పాట మీరు ఎత్తుకున్నారు.

పదిమీటర్లు:
కెప్టెన్ రిఫరీతో మాట్లాడక ఎవరితో మాట్లాడాలి? గాయం ఎంతదో ఆ క్షణంలో ఎవరికి తెలుసు? మీకు స్టార్మ్ అంటే మొదటినుంచీ మంట. 2010లో శాలరీ క్యాప్ (జట్టు జీతాల మీద పరిమితి) గొడవలో 2007, 2009 టైటిళ్లు లాగేసుకున్నారు, ఇంకా చాల్లేదా?

విజిల్‌బుర్ర:
శాలరీ క్యాప్‌కీ మెడకీ ఏం సంబంధం బాబూ?

చాపమీదజాన్:
😂 టాపిక్ మార్చడంలో పీహెచ్‌డీ

ముడుపులపోటీ:
మీరిద్దరూ తల దగ్గరే ఆగిపోయారు. పట్టింది ముగ్గురు, చార్జ్ ఒక్క మెక్లీన్ మీదే. మిగతా ఇద్దరూ ఆటలో అరటిపండా?

అసలు ముగ్గురు ఎందుకు పట్టారో చూడండి. లీగ్‌లో ట్యాకిల్ పూర్తయ్యాక పడినవాడు లేచి బంతిని మడమతో వెనక్కి తోస్తాడు. ఈలోపు డిఫెన్స్ పది మీటర్లు వెనక్కి వెళ్లాలి. వాడు ఎంత ఆలస్యంగా లేస్తే లైన్ అంత కుదురుగా నిలబడుతుంది. బోర్లా పడినవాడు చటుక్కున లేస్తాడు. వెల్లకిలా పడినవాడు ముందు దొర్లాలి, మోకాళ్ల మీదికి రావాలి. అందుకే ఇద్దరు పైన బంతినీ భుజాలనూ బిగించి నిలబెట్టేస్తారు, మూడోవాడు కింద తొడ దగ్గర దూరి ఎత్తి తిప్పుతాడు. ఇది జిమ్‌లో చాప మీద కుస్తీ కోచ్‌లు నేర్పేదే.

తేడా ఎక్కడొస్తుందంటే, కిందివాడు ఎత్తుతున్నప్పుడే పైవాళ్లు కిందికి నొక్కుతారు. నడుము భుజాల కంటే పైకి లేచిందంటే ఇక ఎవరి చేతిలోనూ ఉండదు. కిందివాడు వదిలేస్తే తలకిందులుగా పడతాడు, పైవాళ్లు వదిలినా అంతే. ఆ క్షణంలో చేయాల్సింది ఒక్కటే: ఎత్తిన కాలు కిందికి దించడం. అంతవరకూ పైవాళ్లు వదలకూడదు.

పదిమీటర్లు:
అదే కదా నా గోల! ముగ్గురి పనికి ఒకడికి ఏడు. అందుకే ఎక్కువ అన్నాను.

విజిల్‌బుర్ర:
మీరు మొదట అన్నది అది కాదు. 'తల ముడిచాడు' అన్నారు. ఇప్పుడు గోడ దూకుతున్నారు.

పదిమీటర్లు:
గోడ దూకడం కాదు. మెక్లీన్ చేసిన లిఫ్ట్ లాంటివి అప్పట్లో చాలావాటికి పెనాల్టీతో సరి, మహా అయితే ఒకటి రెండు మ్యాచ్‌లు. ఏడు పడింది లిఫ్ట్‌కి కాదు, స్కాన్ రిపోర్ట్‌కి. గాయం కాకపోతే ఎవరూ పట్టించుకునేవాళ్లే కాదు. అది న్యాయమా?

విజిల్‌బుర్ర:
ఆ ఒక్క మాటతో ఒప్పుకుంటాను. కాకపోతే మీరు ఏడుని రెండుకి దించాలంటున్నారు, నేను ఆ రెండుని ఏడుకి పెంచాలంటాను. మెడ విరిగినా విరగకపోయినా.

ముడుపులపోటీ:
మరి క్లబ్‌కి? ప్లేయర్ ఇంట్లో కూర్చుంటే ఆ డ్రిల్ నేర్పిన కోచ్ మర్నాడు మరొకడికి అదే నేర్పుతాడు. పోటీ నడిపే సంస్థ మెకినన్‌కి జీవితాంతం ఉద్యోగం అంది, 2014 జూలైలో ఒక రౌండ్‌ మొత్తం అతని పేరు మీద ఆడించి విరాళాలు పోగుచేసింది. మంచిదే. కానీ ట్యాకిల్‌లో మూడోవాణ్ణి మాత్రం నిషేధించలేదు.

పదిమీటర్లు:
మూడోవాణ్ణి తీసేస్తే అది టచ్ రగ్బీ, పట్టి పడేయకుండా చేత్తో తాకితే చాలనే ఆట.

ముడుపులపోటీ:
నడుము కింద పట్టుకోవద్దని అనలేదు. ఇద్దరు ఇప్పటికే పట్టి నిలబెట్టినవాడి కాళ్లు మూడోవాడు ఎత్తకూడదు అంటున్నా. రెంటికీ చాలా తేడా ఉంది.

మెడపూస:
కుర్రాళ్లకి నేర్పేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఒకటి చెప్పాలి. ఇలా పడినవాణ్ణి లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. ఒకరు తల దగ్గర మోకరిల్లి, తలను ఉన్నచోటే రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, అంబులెన్స్ వాళ్లు వచ్చేదాకా వదలకూడదు. ఊపిరి చూస్తూ ఉండాలి, ఎందుకంటే ఊపిరి ఆడించే కండరం, డయాఫ్రమ్, దాని నరం బయల్దేరేది సి3, సి4, సి5 నుంచే. ఊపిరి దారి మూసుకుపోతే తల వెనక్కి వంచొద్దు, దవడను ముందుకు తోయాలి. దొర్లించక తప్పకపోతే కనీసం నలుగురు, తల పట్టినవాడి లెక్క మీదే కదలాలి.

పదిమీటర్లు:
ఇది పిన్ చేయండి. ముడుపులపోటీగారూ, మీ మూడోవాడి రూల్‌లో ఒక చిక్కు: గోల్‌లైన్ దగ్గర ఇద్దరు పట్టినా వాడు ఇంకా కాళ్లు ఆడిస్తూ లైన్ దాటుతుంటే మూడోవాడు చూస్తూ నిలబడాలా?

ముడుపులపోటీ:
ఎదురుగా భుజం పెట్టి నెట్టాలి. ఎత్తక్కర్లేదు.

పదిమీటర్లు:
110 కిలోల ప్రాప్‌ని, అంటే ముందు వరస భారీ ఆటగాణ్ణి, నెట్టి చూపించండి ముందు.