ఒకే సర్వర్‌లో నాలుగు సైట్లు, జీడిపప్పు సైట్ తెరిస్తే ఖాదీ పంచెలు వస్తున్నాయి

సిక్కోలు_వెబ్:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. చిన్న వ్యాపారాలవాళ్లకు సైట్లు చేసిపెట్టి హోస్టింగ్ కూడా నేనే చూసుకుంటాను. ఒక్క వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్), ఒక్క ఐపీ అడ్రస్, ఉబుంటు మీద ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్. అందులో నాలుగు సైట్లు: పొందూరు ఖాదీ అమ్మే ఆయనది, పలాస జీడిపప్పు వ్యాపారిది, ఆమదాలవలసలో ట్యూషన్ సెంటర్‌ది, మా బంధువుల ఫోటో స్టూడియోది. ఖాదీ ఆయన అడిగారని ఆ ఒక్కదానికి హెచ్‌టీటీపీఎస్ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ పెట్టాను. మిగతా మూడూ ఎన్‌క్రిప్షన్ లేని మామూలు హెచ్‌టీటీపీ మీదే ఉన్నాయి.

మొన్న పలాస ఆయన వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపారు. ఎర్ర త్రికోణం, దాని కింద కనెక్షన్ ప్రైవేట్ కాదన్న హెచ్చరిక. బరంపురం నుంచి ఆర్డర్ పెట్టబోయిన షాపువాళ్లు ఆ హెచ్చరిక దాటి ముందుకెళ్తే జీడిపప్పు ధరలు ఉండాల్సిన చోట ఖాదీ పంచెలు, చీరలు కనిపించాయట. వాళ్లు భయపడి ఆర్డర్ మానుకున్నారు. "నా షాపులోకి వేరేవాళ్ల సరుకు ఎలా వచ్చింది బాబూ" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

ఒకాయన ఒక్కో సైట్‌కి ఒక్కో ఐపీ కొనాలన్నారు. నిజమేనా? లేక నాలుగు పేర్లూ కలిపి ఒకటే సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

గంటస్తంభం_లైనక్స్:

విజయనగరం నుంచి రాస్తున్నాను తమ్ముడూ. ఐపీలు కొనకు, ఒక్కటి చాలు. ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. బ్రౌజర్ తనకు ఏ సైట్ కావాలో చెప్పేది హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌లో, అది వెళ్లేది ఎన్‌క్రిప్షన్ కుదిరాక. కానీ సర్టిఫికెట్ చూపించాల్సింది అంతకన్నా ముందు. అంటే నాలుగు కుటుంబాలున్న లోగిలికి చీకట్లో ఎవరో వచ్చి పేరు చెప్పకుండా తలుపు కొట్టినట్టు. ఎవరి కోసం వచ్చారో తెలీదు కాబట్టి ముందు గదిలోవాళ్లే తలుపు తీస్తారు. అందుకే అప్పట్లో సర్టిఫికెట్‌కి ఒక ఐపీ ఇచ్చేవారు.

తర్వాత ఎస్‌ఎన్‌ఐ వచ్చింది, అంటే సర్వర్ నేమ్ ఇండికేషన్. బ్రౌజర్ తలుపు కొడుతూనే పేరు కూడా చెప్పేస్తుంది, సర్వర్ దానికి తగిన సర్టిఫికెట్ తీసి ఇస్తుంది. 2003లోనే దీన్ని ప్రమాణంగా రాశారు గాని, విండోస్ ఎక్స్‌పీలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఇది తెలీదు కాబట్టి చాలా ఏళ్లు జనం ధైర్యం చేయలేదు. ఇప్పుడు ఆ బెంగ అక్కర్లేదు.

మరి నీకు ఖాదీ ఎందుకొచ్చిందంటే, నీ సర్వర్‌లో హెచ్‌టీటీపీఎస్ వచ్చే 443 పోర్టు మీద ఉన్నది ఖాదీ సైట్ ఒక్కటే. బరంపురంవాళ్ల బ్రౌజర్ నేరుగా హెచ్‌టీటీపీఎస్‌తోనే వచ్చింది. ఈ రోజుల్లో బ్రౌజర్లు చాలావరకు ముందు దాన్నే ప్రయత్నిస్తాయి. జీడిపప్పు పేరుకి 443లో సర్వర్ బ్లాక్ (ఒక సైట్‌కి రాసే సెట్టింగుల భాగం) లేదు, పేరు కలవకపోతే ఎన్‌జినెక్స్ ఆ పోర్టులో మొదట కనబడ్డ బ్లాక్‌నే ఇస్తుంది. ఎవరూ హ్యాక్ చేయలేదని పలాస ఆయనకి బేగి ఫోన్ చేసి చెప్పు, పాపం ఎంత కంగారు పడుతున్నారో.

చేయాల్సింది ఇదీ: ప్రతి సైట్‌కి విడి బ్లాక్, విడి సర్టిఫికెట్. సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్‌కి ఎన్‌జినెక్స్ ప్లగిన్‌తో పేరు ఇస్తే 443 బ్లాక్ అదే రాసిపెడుతుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ ఇవ్వాలి, ఒకటి మర్చిపోతే మళ్లీ అదే ఎర్ర త్రికోణం. తర్వాత 443కి ఒక డిఫాల్ట్ సర్వర్ బ్లాక్ పెట్టి అందులో ఎస్‌ఎస్‌ఎల్ రిజెక్ట్ హ్యాండ్‌షేక్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యి, ఎన్‌జినెక్స్ 1.19.4 నుంచి ఉంది. తెలియని పేరుతో ఎవరైనా వస్తే కనెక్షన్ అక్కడే ఆగిపోతుంది, ఒకరి షాపు ఇంకొకరికి కనబడదు.

నాగావళి_గట్టు:

గంటస్తంభం గారు చెప్పినదంతా సరే. నాలుగు పేర్లూ ఒకే సర్టిఫికెట్‌లో పెట్టడం గురించి నేను గట్టిగా చెప్తాను, అలా చేయకండి. కుదరక కాదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక సర్టిఫికెట్‌లో 100 పేర్ల దాకా ఒప్పుకుంటుంది. నేను అలాగే ఆరుగురు కస్టమర్లని ఒకదాంట్లో పెట్టాను. వాళ్లలో ఒకరు షాపు మూసేసి డొమైన్ రెన్యూ చేయలేదు. ఆ ఒక్క పేరు చెకింగ్‌లో ఫెయిలైనందుకు మొత్తం సర్టిఫికెట్ రెన్యూ కాలేదు, ఒక తెల్లవారుజామున మిగతా ఐదుగురి సైట్లూ పడిపోయాయి. ఆ ఉదయం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. పైగా బ్రౌజర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిస్తే మన కస్టమర్లందరి పేర్లూ వరసగా కనబడతాయి, అది వాళ్లకి నచ్చాలని లేదు.

సిక్కోలు_వెబ్:

చాలా థాంక్స్ అన్నా. పలాస ఆయనకి చెప్పాను, ఊపిరి పీల్చుకున్నారు. జీడిపప్పు, స్టూడియో రెండూ అయిపోయాయి, తాళం గుర్తు వచ్చింది. ట్యూషన్ సెంటర్‌ది మాత్రం ఎన్నిసార్లు చేసినా ఛాలెంజ్ (డొమైన్ మనదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ చేసే పరీక్ష) ఫెయిల్, 404 అంటే ఫైల్ దొరకలేదు అంటోంది. ఆరోసారి కొడితే అసలు తీసుకోవట్లేదు. ఇంకో విచిత్రం, ఇంట్లో వైఫైలో నా సైటే వస్తోంది, ఫోన్ డేటాలో చూస్తే వాళ్ల పాత సైట్ వస్తోంది.

గంటస్తంభం_లైనక్స్:

ఆ ఫోన్ సంగతి చెప్పావు కాబట్టి తేలిపోయింది. డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరుకి ఐపీ చెప్పే పట్టికలో, క్వాడ్ ఏ రికార్డ్ చూడు, అది ఐపీవీ6 అనే కొత్త తరం అడ్రస్‌ది. సైట్ నీ దగ్గరికి తెచ్చుకున్నప్పుడు పాత తరం ఐపీవీ4ది, "ఏ" అనే రికార్డ్ ఒక్కటే మార్చి క్వాడ్ ఏని వదిలేసి ఉంటారు. ఫోన్ నెట్‌వర్క్ ఐపీవీ6 మీద పోతుంది కాబట్టి పాత సర్వర్‌కే చేరుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా ఐపీవీ6 ఉంటే ముందు దాన్నే చూస్తుంది, అక్కడ ఛాలెంజ్ అడిగే నీ ఫైల్ ఉండదు కాబట్టి 404. ఆరోసారి తీసుకోకపోవడానికి కారణం వేరే, ఒక పేరుకి గంటలో ఐదు ఫెయిల్యూర్లు దాటితే ఆపేస్తారు. రికార్డ్ తీసేసి, కాసేపు ఆగి, ముందు డ్రై రన్‌తో, అంటే ఉత్తుత్తి ప్రయత్నంతో చూడు. అది పరీక్షల కోసం పెట్టిన స్టేజింగ్ సర్వర్‌కి పోతుంది, అసలు లెక్కలో పడదు. మామూలు హెచ్‌టీటీపీ వచ్చే 80 పోర్టు మాత్రం మూసేయకు, ఛాలెంజ్ ఆ దారినే వస్తుంది.

నాగావళి_గట్టు:

రెన్యూవల్ గురించి ఒక్క మాట. సర్టిఫికెట్ 90 రోజులే. సర్ట్‌బాట్ టైమర్ దానంతట అదే తిరుగుతుంది గాని, ఎన్‌జినెక్స్ ప్లగిన్ కాకుండా వెబ్‌రూట్ పద్ధతిలో (ఛాలెంజ్ ఫైల్‌ని సైట్ ఫోల్డర్‌లో పెట్టే పద్ధతి) తీసుకుంటే ఎన్‌జినెక్స్‌ని రీలోడ్ చేయడానికి డిప్లాయ్ హుక్, అంటే రెన్యూ అయ్యాక దానంతట అదే నడిచే కమాండ్, మీరే పెట్టుకోవాలి. డిస్క్ మీద కొత్త సర్టిఫికెట్ ఉన్నా ఎన్‌జినెక్స్ మెమరీలో ఉన్న పాతదే ఇస్తుంది. ఫైల్ తేదీ చూసి అంతా బాగుందనుకుని నేను సగం రోజు పోగొట్టుకున్నాను. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇదివరకు మెయిల్ పంపేది, 2025 జూన్‌లో ఆపేసింది. కాబట్టి బయటి నుంచి గడువు చూసే మానిటర్ ఒకటి పెట్టుకోండి. ముందు ముందు గడువు ఇంకా తగ్గుతుంది, 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చినా 47 రోజులకు మించకూడదని నిర్ణయమైపోయింది. చేత్తో చేసుకునే పని కాదిక.

సిక్కోలు_వెబ్:

క్వాడ్ ఏ రికార్డే అన్నా! పాత హోస్టింగ్‌వాళ్లది అలాగే ఉండిపోయింది. తీసేసి గంటన్నర ఆగి డ్రై రన్ చేశాను, పాసైంది, తర్వాత అసలుది కూడా వచ్చింది. డిఫాల్ట్ బ్లాక్ పెట్టాను, మానిటర్ పెట్టాను. ట్యూషన్ సెంటర్ లోగో మాత్రం ఇంకా హెచ్‌టీటీపీ లింకుతో ఉంది, దానివల్ల ఆ పేజీలో తాళం సరిగ్గా రావట్లేదు, రాత్రికి మార్చేస్తాను. పలాస ఆయన బరంపురం షాపుకి లింకు మళ్లీ పంపారట, ఈసారి పేజీ శుభ్రంగా తెరుచుకుందన్నారు.