పోకీల (జూదం మెషీన్ల) డబ్బు గురించిన ప్రభుత్వ కాగితాలు మామూలు జనం చూడొచ్చా?

సిడ్నీలో ఉంటున్నాం. ఇక్కడ క్లబ్బుల్లో పోకీ మెషీన్లో నేరాలతో వచ్చిన నోట్లు కుక్కి, పేరుకి నాలుగుసార్లు బటన్ నొక్కి, మిగతాది టికెట్‌గా తీసుకుంటే గెలిచిన డబ్బని చెప్పుకోవచ్చు. 2022 అక్టోబరులో న్యూ సౌత్ వేల్స్ క్రైమ్ కమిషన్ నివేదిక, ఇలా నేరసొమ్మును కడిగి తెల్లగా చూపడం కన్నా నేరసొమ్ముతో నేరుగా ఆడెయ్యడమే ఎక్కువంది. అదీ వందల కోట్ల డాలర్లు!

రాష్ట్ర ఎగువసభ స్టాండింగ్ ఆర్డర్ 52 (సభ నియమం) కింద ఇలాంటి విషయాలపై ప్రభుత్వ కాగితాలు తెప్పించుకోగలదు. కానీ ప్రివిలేజ్ (బయటపెట్టకూడదన్న) ముద్ర పడ్డవి సభ్యులే చూడాలి. సభ్యుడెవరైనా ఆ ముద్రపై అభ్యంతరం చెబితే స్వతంత్ర ఆర్బిటర్ (మధ్యవర్తి) పరిశీలిస్తారు, సరే. మరి మాలాంటివాళ్లు ఆ సభ్యుణ్ణి ఎలా కదపాలి? ఈమెయిల్ చాలా? లేక గీపా (మన ఆర్‌టీఐ లాంటిదే) దరఖాస్తే నయమా? ఎవరైనా చేసుంటే చెప్పండి ప్లీజ్.