బూసాన్ ద్వేజీ గుక్‌బాప్ మీరెలా తింటారు?

తీరవాసి
చదువు కోసం దక్షిణ కొరియాలోని బూసాన్ వచ్చాను. ల్యాబ్ నుంచి ఆలస్యంగా బయటపడ్డ రాత్రుల్లో సొమ్యొన్ మార్కెట్ సందులోని గుక్‌బాప్ కొట్లే దిక్కు. నల్లటి మట్టిపాత్రలో కుతకుతలాడుతూ వచ్చే ఆ పంది మాంసం సూపు, అందులో అన్నం! రెండు చెంచాలు లోపలికి వెళ్లేసరికి చలి వదిలిపోతుంది. కానీ నా నాలుకకు చప్పగా ఉంటోంది. చుట్టూ పెట్టే చిన్న గిన్నెల్లో ఏది ఎంత కలపాలి?

ఓడల_ఇంజినీరు
కావాలనే చప్పగా ఇస్తారండీ. రుచి సరిచూసుకునే పని తినేవారికే వదిలేస్తారు. నాకు దానిలో నచ్చేది అదే. ముందు ఏమీ కలపకుండా సూపు రుచి చూడండి. తరువాత ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు (వీటినే సేవుజొత్ అంటారు) కొంచెం కొంచెంగా వేసుకోండి. విడిగా ఉప్పు అక్కర్లేదు. కారం కలిపిన బుచు, అంటే సన్నటి ఉల్లికాడల్లాంటి ఆకు, ఉంటుంది కదా, దాన్ని వేడి సూపులోకి తోసేయండి. వెల్లుల్లి వాసన కమ్మగా వస్తుంది. ఎర్రటి కారం ముద్ద మాత్రం సగం తిన్నాకే. మొదటే కలిపితే ఎముకల రుచి మీకు తెలియనే తెలియదు.

గుంటూరు_కారం
ఇంజినీరు గారూ, ఇది నేను ఒప్పుకోను. నేను మొదటే కలుపుతాను, పచ్చిమిర్చి కూడా కొరుక్కుంటాను. చలిలో నాకు కావలసింది ఆ ఘాటే.

సువన్_అక్క
జ్వరం తగ్గాక అమ్మ పెట్టే మిరియాల చారన్నం లాంటిది నాకు ఈ తిండి. బూసాన్ వెళ్లినప్పుడల్లా తింటాను, ఇంట్లోనూ వండుతాను. ఎముకలను చన్నీళ్లలో నానబెట్టి రక్తం పోనివ్వాలి. ఒకసారి మరిగించి ఆ నీళ్లు పారబోసి, ఎముకలను కడగాలి. ఈ పని ఎగ్గొడితే నీచు వాసన వదలదు. తరువాత అల్లం, ఉల్లి, వెల్లుల్లి వేసి గంటల తరబడి పెద్ద మంట మీద మరిగిస్తే కొవ్వు నీళ్లలో కలిసిపోయి సూపు పాలలా తెల్లబడుతుంది. తేటగా కావాలంటే మంట తగ్గించండి. బూసాన్‌లో రెండు రకాల కొట్లూ ఉన్నాయి. మాంసాన్ని మాత్రం మెత్తబడగానే తీసి, చల్లారాక పలుచగా కోయాలి. వేడి మీద కోస్తే చిదికిపోతుంది.

తీరవాసి
అక్కా, చాలా ఉపయోగపడింది. ఒక కొట్టులో పెద్దావిడ గిన్నెలోని అన్నం మీద సూపు పోసి, వంచేసి, మళ్లీ పోస్తూ కనిపించారు. ఎందుకు?

ఓడల_ఇంజినీరు
దాన్ని తోర్యొమ్ అంటారు. చల్లారిన అన్నం అలా మెతుకు మెతుకూ వేడెక్కుతుంది, సూపు కూడా నోరు కాలనంత వేడికి దిగుతుంది. అన్నాన్ని వేడిగా నిలవ ఉంచే పెట్టెలు లేని రోజుల పద్ధతి. అలా చేసే కొట్టు దొరికితే వదలకండి. అన్నం విడిగా కావాలంటే ‘తారో’ అని చెప్పండి.

ఈ వంటకం పుట్టుక గురించి రకరకాల కథలున్నాయి. మిర్యాంగ్ ఊరివాళ్లు తమదే అంటారు. కొరియా యుద్ధం 1950లో మొదలైనప్పుడు కాందిశీకులు బూసాన్‌కు పోటెత్తారు. అప్పుడు అదే తాత్కాలిక రాజధాని. చవకగా దొరికే ఎముకలు, తలకాయ మాంసంతో ఎంతోమంది కడుపులు నిండాయంటారు. ఆ మాట తలచుకుంటే గిన్నెలో ఒక్క మెతుకు కూడా వదలబుద్ధి కాదు.

కొత్తగా_వచ్చాను
పంది మాంసం తినని మా స్నేహితుడి సంగతేమిటి?

సువన్_అక్క
జొంజు ఊరి వైపు దొరికే సోయా మొలకల గుక్‌బాప్ చూడమనండి. అయితే ఆ సూపులో తరచుగా ఎండు చేపలు మరిగిస్తారు. శాకాహారి అయితే ముందే అడగాలి. తీరవాసీ, నూడుల్స్ చుట్ట పక్కన ఇస్తే రాగానే సూపులో వేసెయ్యి, ఆలస్యమైతే ముద్దయిపోతుంది.