చిన్న హార్బర్‌లో గట్టు మీద మనుషులు ఎందుకు తగ్గిపోయారు?

తీరరేఖ:
చిన్న హార్బర్లు ఈ యాభై, అరవై ఏళ్లలో ఎలా మారాయో రాస్తున్నాను. పాత ఫొటోల్లో గట్టంతా మనుషులే. ఇప్పుడు బోట్లు అంతకంటే పెద్దవి, చేపా దిగుతోంది, గట్టు మాత్రం బోసిగా ఉంది. కంటైనర్ల వల్లే అంటున్నారు చాలామంది. చేపల రేవుకీ అదే కారణమా? పనిచేసినవాళ్లు చెప్పండి.

పాత సరంగు:
నలభై ఏళ్లు బోటు మీద ఉన్నాను, మొదట్లో మా నాన్న చేతి కింద. కంటైనర్ అనేది సరుకు రేవుల కథండీ. 1956లో అమెరికాలో లారీల వ్యాపారి మాల్కం మెక్లీన్ ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడలో 58 పెట్టెలు నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపించాడు. అక్కణ్ణుంచి మూటలు మోసేవాళ్ల పని పోతూ వచ్చింది. పెట్టెల ఓడకి లోతు కావాలి, పెద్ద క్రేన్లు కావాలి. అవి లేని రేవుల్ని సరుకు వదిలేసింది.

మా గట్టుని ఖాళీ చేసింది నైలాను దారం.

నూలు వల తడిగా ఉంటే కుళ్లిపోతుంది. బోటు రాగానే దులపాలి, ఆరేయాలి, కొన్నాళ్లకోసారి చెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో ముంచాలి. నాన్న అరచేతుల్లో ఆ గోధుమరంగు ఎంత తోమినా పోయేది కాదు. వలలు పరవడానికి జాగా, కాగులు, కట్టెలు, చిరుగులు కుట్టేవాళ్లు, ఇలా ఒక్కో బోటు వెనక ఒక ఇల్లు మొత్తం గట్టు మీదే ఉండేది. నైలాను వల తడిగా కుప్పపోసినా ఏం కాదు. చూస్తూండగానే వలలు ఆరే జాగా ఖాళీ అయింది. ముందు లారీలు ఆపుకున్నారు, తర్వాత చుట్టూ గోడ లేచింది. నాన్న ఆ గోడ నీడలోనే కూర్చుని, వల అంచు ఎడమకాలి బొటనవేలికి తగిలించి, బిగువు చూసుకుంటూ కుట్టేవాడు.

నైలానుని తప్పుపట్టను. ఆ వలల చాకిరీలో సగం ఆడవాళ్ల మీద పడేది, అది పోవడం మంచిదే. ఆ జాగాని బోట్ల మరమ్మతుకైనా ఉంచాల్సింది, అదే నా బాధ.

పూడిక:
సరంగు గారు చెప్పింది నిజం. నేను హార్బర్లలో లోతులు కొలిచే పని చేశాను కాబట్టి ఇంకోటి కలుపుతాను. అలల్ని ఆపే గోడ కట్టాక తీరం వెంట నడిచే ఇసుక ఒకవైపు పేరుకుంటుంది, రెండోవైపు ఒడ్డు కోసుకుపోతుంది. కొంత ఇసుక గోడ కొస చుట్టి, బోట్లు లోపలికొచ్చే మొగలోకి చేరుతుంది. ఇసుక తవ్వితీసే డ్రెడ్జర్ రాని ఏడాది పెద్ద బోట్లు పోటు కోసం బయటే కాచుకోవాలి. విసిగి వేరే రేవుకి పోతాయి.

తీరరేఖ:
చేప తగ్గడం సంగతి?

పాత సరంగు:
అదీ ఉంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1992లో కాడ్ అనే చేప వేట ఆపేస్తే దాదాపు 30 వేలమందికి పని పోయింది. చేపని వెతికే యంత్రాలు, పట్టింది పట్టినట్టు గడ్డకట్టించే ఓడలు చాలా ఊడ్చేశాయి. నాన్న నీటి రంగు చూసి, పక్షులు వాలే తీరు చూసి వల ఎక్కడ వేయాలో చెప్పేవాడు. మా బోటులో ఎకో సౌండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి చేపల జాడ తెర మీద చూపే యంత్రం, పెట్టాక నేను తెర చూడ్డం నేర్చుకున్నాను, ఆయన్ని అడగడం మానేశాను. ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మీరు ఫొటోలు చూసేటప్పుడు బోట్లని ఒడ్డుకి లాగే ఏటవాలు ఇంకా ఉందో లేదో కనుక్కోండి. అది ఉన్నచోట వడ్రంగీ, ఇంజను మెకానిక్కూ ఉంటారు. మా రేవులో ఉంది. పోయిన నెల రెండు బోట్లు పైకి లాగారు.