మామిడి అంటుకు ఊతకర్ర ఎన్నాళ్లుంచాలి?

బంగారుపాళ్యం దగ్గర మాకు ఎకరన్నర ఉంది. పోయినేడు వానలకు తోతాపురి అంటు మొక్కలు 60 నాటాం. ఆషాఢం గాలికి వాలిపోతున్నాయని ఒక్కోదానికీ సర్వి కర్ర పాతి, ప్లాస్టిక్ పురికొసతో బిగించి కట్టేశాను. తప్పు అక్కడే జరిగినట్టుంది. నిన్న విప్పి చూస్తే, అంటు కట్టిన చోటుకు జానెడు పైన తాడు బెరడులోకి దిగి, వేలితో తడిమితే తగిలేంత గాడి పడింది. కొన్ని కర్రలకు మొదట్లో చెదలు కూడా.

కర్ర తీస్తే మొక్క వంగిపోతోంది. ఉంచితే కాండం ఎప్పటికీ బలపడదని మా మామ గొడవ. ఈసారి గోనెపట్టా పీలికతో, ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా కడదామనుకుంటున్నా. కర్ర గాలి కొట్టే పడమటి వైపే పాతాలా, చెరో పక్క రెండు పాతితే మేలా? గాడి పడినవాటికి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే కోలుకుంటాయా? తోట పెంచినవాళ్లు కాస్త చెప్పండన్నా.