సార్టీ అంటే దాడి అనేయొచ్చా?

మాది విజయనగరం. తమ్ముడు ఎయిర్‌ఫోర్స్ పరీక్షకి చదువుతున్నాడు, నిన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ‘సార్టీ’ అనే మాట మీద ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. వాడు దాడి అంటాడు. నాకు తెలిసి ఒక విమానం ఒక పని మీద లేచి మళ్లీ దిగితే ఒక సార్టీ, 4 విమానాలు రెండేసి సార్లు వెళ్లొస్తే 8 సార్టీలు, బాంబు వెయ్యాలనే రూలేం లేదు, వరదల్లో సామాన్లు దించే హెలికాప్టర్‌కీ ఇదే మాట. ఫ్రెంచిలో అసలు అర్థం బయటికి వెళ్లడమే. మరి గాల్లోనే ఇంధనం నింపుకుని ముందుకు పోతే ఒకటా, రెండా? మిషన్‌కీ దీనికీ తేడా ఏంటి? తెలుగులో ‘విహారం’ అని రాస్తే కొత్త దంపతుల టూర్‌లా ఉంది, సరైన మాట ఎవరైనా చెప్పండి బాబూ.