అంగీకారం అంటే మనశ్శాంతా, చేతులెత్తేయడమా?

గోదావరి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు):

మా అమ్మకి పక్షవాతం వచ్చి ఈ నెలకి పద్నాలుగు నెలలు. కుడివైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది, కాలు ఈడ్చుకుంటూ అయినా ఇంట్లో నడుస్తోంది, చెయ్యి మాత్రం రాలేదు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

మొదటి నాలుగు నెలలు అమ్మ ఎడమచేత్తో అన్నం ముట్టలేదు. "ఎడమచేత్తో తినడమేంట్రా, తప్పు" అని నోరు బిగించేసేది. నేనో మా ఆవిడో కలిపి ముద్దలు పెట్టేవాళ్లం. ఒకరోజు మధ్యలో ఫోన్ వస్తే బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి పెరుగన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో తింటోంది. సగం చీర మీద పడింది. నన్ను చూసి కూడా ఆగలేదు. "ఇక ఇదే నా కుడిచెయ్యి" అంది. ఆ రోజు నుంచి అమ్మ మొహం తేటపడింది. ఇంట్లో అందరం చూశాం.

ఇప్పుడు గొడవ ఫిజియోథెరపీ దగ్గర. మా పెద్దమ్మ వచ్చినప్పుడల్లా ఇదే మాట: "దాని ప్రారబ్ధం అది ఒప్పుకుని ప్రశాంతంగా ఉంది. రోజూ ఆ చెయ్యి లాగి, నొప్పి పెట్టి, లేనిపోని ఆశ ఎందుకు పెడతారు? జపం చేసుకోనివ్వండి." నేను మాన్పించనంటున్నాను. అమ్మని అడిగితే "సరే, నీ ఇష్టం" అనే ఒక్క మాటే వస్తోంది. ఆ మాట శాంతితో వస్తోందో, ఓడిపోయి వస్తోందో నాకు అంతుపట్టడం లేదు. రాత్రిళ్లు అదే టెన్షన్. ఎంతవరకు ఒప్పుకోవాలి, ఎంతవరకు ప్రయత్నించాలి? పుస్తకాల్లో మాట కాదు, మీ బతుకుల్లో తేలింది చెప్పండి.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్:

బాబూ, మీ పెద్దమ్మగారి మాట తీసిపారేయకండి. గీత రెండో అధ్యాయం పద్నాలుగో శ్లోకంలో చలీ వేడీ, సుఖం దుఃఖం వస్తాయి, పోతాయి, వాటిని ఓర్చుకో అన్నాడు కృష్ణుడు. దాన్నే మనవాళ్లు ప్రసాదబుద్ధి అంటారు. గుళ్లో పూజారిగారు చేతిలో పెట్టింది పులిహోరా, దద్ధ్యోజనమా అని బేరమాడం కదా, కళ్లకద్దుకుంటాం. వచ్చినదాన్ని అలా తీసుకోవడం చేతకానితనం కాదు, సాధన.

నా సంగతి చెబుతాను. నాలుగేళ్ల కిందట మా ఆవిడ గుండెపోటుతో పోయింది. ఏడాదిపాటు నన్ను తినేసింది దుఃఖం కాదు. "ఆ రాత్రే బయల్దేరి ఉంటే" అన్న మాట. పళ్లు తోముకుంటుంటే అదే, పేపరు చదువుతుంటే అదే. బయల్దేరలేదు, ఆమె లేదు, ఈ రెండూ నిజాలని నేను ఒప్పుకున్న రోజునే నాకు నిద్ర పట్టింది. రమణ మహర్షి 1898లో తనని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన తల్లికి కాగితం మీద రాసిచ్చింది కూడా ఇదే కదా: జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరగవలసింది ఎంత అడ్డుపడినా ఆగదు, కాబట్టి మౌనంగా ఉండడమే మేలు అని. మీ అమ్మగారు ఆ మెట్టు ఎక్కారు. ఆవిణ్ణి కిందికి లాగకండి.

పెన్నా తీరం:

మాస్టారూ, మీ దుఃఖం పట్ల నాకు గౌరవం ఉంది. కానీ ఈ మాట ఇంకొకరికి చెప్పేముందు ఒక్క క్షణం ఆగండి. నాకు పదకొండేళ్లు ఇదే చెప్పారు. మా అత్తగారు, మా అమ్మ, గుళ్లో ప్రవచనం చెప్పే ఆయన, అందరూ. "సర్దుకుపో తల్లీ, పూర్వజన్మ కర్మ, ఓర్చుకుంటే దేవుడే చూస్తాడు." ఆయన తాగొచ్చి కొట్టిన మర్నాడు చెయ్యి వాచి గాజులు ఎక్కకపోతే, మా పిన్ని కొంచెం పెద్ద సైజు గాజులు కొనుక్కొచ్చి తొడిగింది. చూడండి, ఎంత చక్కగా ఒప్పుకోవడం నేర్పారో.

నేను నిజంగా ఒప్పుకున్నది పదకొండో ఏడు. ఒప్పుకున్నదేంటంటే, ఆయన మారడు. అంతవరకు రేపు మారతాడు, పిల్ల పుడితే మారతాడు, మాల వేసుకుంటే మారతాడు అని ఎదురుచూశాను. సర్దుకుపొమ్మన్నవాళ్లంతా నాచేత చేయించింది ఆ ఎదురుచూపే. మారడు అని ఒప్పుకున్న వారంలో బిడ్డని తీసుకుని బయటికొచ్చాను. 2005 నాటి గృహహింస చట్టం కింద కేసు వేశాను. ఇప్పుడు ఉంటున్నది ఒక్క గది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి లోపలి గడియ వేసుకుంటాను చూడండి, ఆ చప్పుడుకి నా ఒళ్లంతా నెమ్మదిస్తుంది. మీరు చెప్పే శాంతి నాకు దొరికింది అక్కడే.

రోగం వేరు, చావు వేరు, అవి ఎవరూ చేసినవి కావు. మనిషి మనిషికి చేసే అన్యాయాన్ని ప్రసాదమని కళ్లకద్దుకోమనడం మాత్రం పాపం.

మిర్చి మడి:

అక్క చెప్పింది నా సేద్యానికి అతికినట్టుంది. మాది ఖమ్మం వైపు. 2021లో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. ఆ ఏడు నల్ల తామర పురుగు ఎట్లా వచ్చిందో మిర్చి రైతులందరికీ ఎరుకే. పూత విప్పి చూస్తే లోపల నల్లగా, గసగసాలు చల్లినట్టు. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. నీలి జిగురు అట్టలు కట్టాను, షాపువాడు ఏ మందు ఇస్తే అది కొట్టాను, వేపనూనె కొట్టాను. ఏడో మందుకి అప్పు తేవడానికి పోతుంటే మా నాయన గట్టు మీద కూర్చుని, "పోయింది బిడ్డా. పోయిందను" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోనాడు తోట దున్నించి మక్క పెట్టాను. పక్క చేను ఆయన ఫిబ్రవరి దాకా మందు కొడుతూనే ఉన్నాడు. ఆయన అప్పు ఇంకా తీరలేదు.

అందుకే పోయింది పోయిందని ఎంత తొందరగా అంటే అంత మేలని నేనంటాను. అట్లాగని అన్నీ ఒప్పుకోలేదు. పట్టా పేరున్న ఆయన ఖాతాలో సాయం పడింది, చేను దున్నిన నా చేతికి ఏమీ రాలేదు. దాని మీద ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నాను. పురుగుతో పోట్లాట ఆపాను కాబట్టే దీనికి సత్తువ మిగిలింది.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్:

అమ్మా, పెన్నా తీరం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ గాజుల మాట దగ్గర ఆగిపోయాను. నేను చెప్పింది మీలాంటివారి మీద ఎలా వాడతారో ఆలోచించకుండా రాశాను. అది నా తప్పే.

నేను సగమే చెప్పిన ఇంకో సంగతి కూడా ఉంది. తల్లికి ఆ కాగితం రాసిచ్చిన మహర్షే, 1914లో ఆమెకి విషజ్వరం వస్తే, నయం చెయ్యమని అరుణాచలుణ్ణి వేడుకుంటూ పద్యాలు చెప్పారు. రాత్రీ పగలూ దగ్గరుండి సేవ చేశారు. 1949లో ఆయన ఎడమచేతికి కంతి లేస్తే డాక్టర్లు నాలుగుసార్లు ఆపరేషన్ చేశారు. ఆయన వద్దని పట్టుబట్టలేదు, బతికించండని ఆరాటపడలేదు కూడా. మన పోతన గజేంద్రుడు మాత్రం? "లావొక్కింతయు లేదు" అన్నది మొసలి కాలు పట్టిన మొదటి నిమిషాన కాదు, వెయ్యేళ్లు పెనుగులాడాక.

ఒక్క విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. ముందు మనసు కుదుటపడాలి, ఆ తర్వాతే అన్యాయంతో తలపడాలి. కోపంతో వేసిన అడుగు మనిషిని కాల్చేస్తుంది.

పెన్నా తీరం:

మీరు వెనక్కి తగ్గి రాసినందుకు సంతోషం మాస్టారూ. కానీ కోపం సంగతి మీరన్నట్టు కాదు. నన్ను గుమ్మం దాటించింది కోపమే. కుదుటపడ్డాక కదులుదామనుకుని ఉంటే ఇంకా అక్కడే ఉండేదాన్ని. శాంతి బయటికొచ్చిన ఆరు నెలలకి వచ్చింది. ముందు శాంతి అనేది కడుపు నిండి, తలుపుకి గడియ ఉన్నవాళ్లకి కుదురుతుందేమో.

కొండారెడ్డి బురుజు:

నేను కర్నూలులో ఫిజియోథెరపిస్టుని. పన్నెండేళ్లుగా ఇలాంటి చేతులే పట్టుకుంటున్నాను. మా ఇంట్లో సబ్ర్ అనే మాట వింటూ పెరిగాను, అంటే ఓర్పు. ఒక బెదూయిన్, అంటే ఎడారిలో తిరిగే అరబ్బు, "ఒంటెని వదిలేసి అల్లా మీద భారం వేయనా?" అని అడిగితే "ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి" అన్నారు ప్రవక్త. నా పని ఆ తాడు కట్టడం వరకే.

గోదావరి గట్టు అన్నా, మీకు రెండు మాటలు. మొదటిది, మొదటి కొన్ని నెలల్లో వచ్చినంత వేగంగా తర్వాత మార్పు రాదు. కానీ పద్నాలుగు నెలలు దాటాక ఇక ఏమీ రాదనేది తప్పు. పట్టు రాకపోయినా, కదిలించడం మానేస్తే వేళ్లు ముడుచుకుపోతాయి, భుజం బిగుసుకుంటుంది, గోళ్లు తియ్యడానికి కూడా అరచెయ్యి తెరుచుకోదు. మీ పెద్దమ్మగారికి ఇది చెప్పండి. ఇందులో ఆశ పెట్టడం ఏమీ లేదు, నొప్పి రాకుండా చూసుకోవడమే.

రెండోది ఇంకా ముఖ్యం. పక్షవాతం వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. బయటికి అది ఒక్కోసారి ప్రశాంతంగానే కనిపిస్తుంది. "సరే, నీ ఇష్టం" అనే మాట నాకు చాలామంది నోట వినబడింది. నేను పట్టించుకునేది చిన్న చిన్న గుర్తులు. పక్కింటివాళ్ల సంగతి అడుగుతున్నారా? కూరలో ఉప్పు తగ్గితే చెబుతున్నారా? దేనికైనా విసుక్కుంటున్నారా? ఉప్పు తక్కువైనా మాట్లాడకుండా తినేస్తుంటే డాక్టర్‌కి చూపించండి. దానికి మందులున్నాయి. ఆమెది శాంతి అని మనం పేరు పెట్టేసి వదిలెయ్యకూడదు.

గోదావరి గట్టు:

అందరికీ నమస్కారం. తమ్ముడు ఉప్పు అన్నాక నిన్న రాత్రి కావాలనే పప్పులో సగం తగ్గించి వేయించాను. మొదటి ముద్దకే "ఇదేంట్రా చప్పగా" అంది అమ్మ. మా ఆవిడా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అయినా గురువారం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

తర్వాత ధైర్యం చేసి సూటిగా అడిగాను, ఎక్సర్‌సైజులు మానేద్దామా అని. "నొప్పి రాకుండా చేసేవి ఉంచు. పట్టు కోసం ఆ బంతి నొక్కించడం మాత్రం నీ కోసం చేస్తున్నాను. ఆ చెయ్యి రాదని నాకు ఎప్పుడో తెలుసు. నీకే ఇంకా తెలియలేదు" అంది. నాకు మాట రాలేదు. ఇన్నాళ్లూ ఆవిడ ఒప్పుకుందా లేదా అని మిమ్మల్ని అడుగుతున్నాను.

మాస్టారూ, మీతో ఇది చెప్పాలి. పోయిన నెల పింఛను పనిమీద బ్యాంకుకి తీసుకెళ్లాను. సంతకం కలవట్లేదు, వేలిముద్ర వేయించండి అని కౌంటర్‌లో అబ్బాయి ఇంకు ప్యాడ్ జరిపాడు. మామూలుగానే అన్నాడు పాపం. అమ్మ ఆ ప్యాడ్ వైపు చూసి ఎడమచెయ్యి కొంగులో పెట్టేసుకుంది. "ఎంతమంది చేత సంతకాలు పెట్టించానో నాకే లెక్క లేదు. వేలిముద్ర వెయ్యను బాబూ. నేర్చుకుని వస్తాను" అంది. నేను అక్కడ సిగ్గుపడ్డాను, ఇంటికొచ్చి విసుక్కున్నాను కూడా. ఒక్క ముద్రకి ఇంత పట్టుదల ఏమిటని.

అప్పటి నుంచి మా పాప పాత పలక అమ్మ మంచం మీదే ఉంటోంది. మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసుకుని ఎడమచేత్తో దిద్దుతోంది. పలక కదలకుండా పడిపోయిన కుడిచెయ్యి దాని మీద బరువుగా పెట్టుకుంటోంది. పెద్దమ్మకి ఈ సంగతి ఇంకా తెలియదు. ఇవాళ ఇంటిపేరు వరకు కుదిరింది. పేరు రేపు అంది.